బావ ఆపిన మెయిన్ స్విచ్

మా బావ మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఆ వారంలో ఈ ఒక్క ముక్క ఎంతమంది చెవిన వేశానో లెక్కలేదు. పక్క కొట్టు జెరాక్స్ ఆయనకి చెప్పాను. పార్సిల్ తెచ్చిన మనిషికి చెప్పాను. ఫోన్ నీళ్లలో పడిందని పరిగెత్తుకొచ్చిన, ముక్కూ మొహం తెలియని ఆవిడకి కూడా చెప్పాను. "కంప్యూటర్‌లో అప్‌డేట్ ఎక్కుతోందండీ. ఆపొద్దు బాబోయ్ అని స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. ఏకంగా మెయినే ఆపేశాడు మహానుభావుడు!" విన్నవాళ్లు అయ్యో పాపం అనేవారు. ఆ పాపం నాకా, కంప్యూటర్‌కా, మా బావకా అని నేను అడగలేదు.

నాది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. పద్నాలుగేళ్లుగా అదే పని. దీని చెయ్యి మంచిది, నోరే మంచిది కాదు అంటారు వచ్చేవాళ్లు. రెండూ నిజమే. రెండు వీధుల అవతల మా అక్కా బావల వర్క్‌షాపు. రెండు కాళ్లూ సమానంగా లేనివాళ్లకీ, పాదం వంకర తిరిగినవాళ్లకీ కొలత తీసి బూట్లు చేస్తారు. కుట్టుపనీ, వచ్చేవాళ్లతో మాటలూ అక్కవి. కొలతలు తీయడం, మెషీన్ మీద బూట్ల అడుగులు కోయడం బావ పని. ఆ మెషీన్‌లో బ్లేడు ఎటు తిరగాలో చెప్పేది ఒక పాత కంప్యూటర్. దాన్ని బిగించింది నేనే, అప్పుడప్పుడూ విప్పి తుడిచేదీ నేనే.

బావకి మనుషుల ముఖాలకంటే ముందు కాళ్లు కనిపిస్తాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే ఒకసారి కిందికి చూసి, ఆ తర్వాతే "బాగున్నారా" అంటాడు. ఆయన మా ఇంటి అల్లుడయ్యేనాటికి నాకు పన్నెండేళ్లు. సైకిల్ నేర్పింది ఆయనే. నేను పడ్డ ప్రతిసారీ "మరదలా, నేలకేమైనా దెబ్బ తగిలిందా?" అని అడిగి ఏడుపు ఆపించేవాడు. అలాంటి మనిషి ఏడాదిగా ఒకదాని వెనక ఒకటి మర్చిపోతున్నాడు. అడిగిందే అడుగుతాడు. కుళాయి వదిలేస్తాడు. ఒకరోజు తన వర్క్‌షాపు దాటిపోయి నాలుగు కొట్ల అవతల ఎవరిదో తలుపుకి తాళం తీయబోయాడట. అక్క హడలిపోయి జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర శుక్రవారం పదకొండింటికి టైము తీసుకుంది. ఈయన ఏమేం మర్చిపోతున్నారో తేదీలతో సహా రాసుకురమ్మన్నారు వాళ్లు. అక్క ఒక పొడుగాటి నోట్‌బుక్ కొని అందులో వరసగా రాయడం మొదలుపెట్టింది.

ఇదిగో, ఆ వారమే సోమవారం సాయంత్రం కంప్యూటర్ చచ్చింది.

మంగళవారం పొద్దున్నే అక్క ఫోన్ చేస్తే వెళ్లాను. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, దీపం వెలుగుతోంది, స్క్రీన్ మీద మాత్రం చుక్క కూడా రావడం లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. "నిన్న దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అన్నాను.

"నేనే," అన్నాడు బావ. "సాయంత్రం అప్‌డేట్ అని అడిగింది. సరే అన్నాను. నువ్వే చెప్పావుగా, అడిగినప్పుడల్లా సరే అనమని. కాసేపటికి అయిపోయింది అని వచ్చింది. దానంతట అదే ఆరిపోయింది. అప్పుడు మెయిన్ ఆపి తాళం వేసుకుని వచ్చేశాను."

ఇంటికి పోయేముందు మెయిన్ ఆపడం ఆయనకి పాతికేళ్ల అలవాటు. తోలు, జిగురు ఉండే చోటు కదా, నిప్పంటే భయం. కానీ నాకు ఆ ముక్క వినగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయిపోతే ఇదెందుకు చచ్చింది బావా? సగంలో ఆపావు. అందుకే చచ్చింది. ఇందులో అర్థం కానిదేముంది?"

"లేదమ్మా, అయిపోయింది అనే వచ్చింది..."

"ఏం వచ్చింది? ఎప్పుడు వచ్చింది? నిన్న పొద్దున ఏం తిన్నావో గుర్తుందా నీకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు, నిజంగానే నిన్నటి పొద్దున గుర్తుచేసుకోబోయినట్టు. అక్క సొరుగులోంచి నోట్‌బుక్ తీసి రాసింది. నేను తొంగిచూశాను. మిగతావన్నీ ఒక్కో వరస. ఇది మాత్రం అయిదు వరసలు, చివర రెండు గీతలు కొట్టి మరీ. తర్వాత మెషీన్ గది తాళంచెవి బావ జేబులోంచి తీసుకుని తన చీర కొంగుకి ముడేసుకుంది.

"ఆ బ్లేడు ముందు ఇంక నువ్వు కూర్చోవద్దు," అంది. "పని మధ్యలో ఇలాగే మర్చిపోతే వేళ్లు పోతాయి. శుక్రవారం డాక్టరు ఏమంటే అదే. కూర్చోవచ్చంటే కూర్చుందువు గానీ. లేదంటే ఇంటిపట్టున ఉందువు."

బావ సరే అన్నాడు. వాదించి ఉంటే బాగుండేది.

మదర్‌బోర్డు విప్పుకుని కొట్టుకి తెచ్చుకున్నాను. ఇక్కడ కాస్త చెప్పాలి. బోర్డు మీద ఒక మూల చిటికెన వేలి గోరంత చిప్ ఉంటుంది, ఎనిమిది కాళ్లతో. కంప్యూటర్ లేవగానే మొదట చదివేది అందులో రాసిందే. అదే బయోస్. తన పేరేమిటో, తనకి ఏమేం తగిలించి ఉన్నాయో దానికి తెలిసేది అక్కడే. ఆ రాత పాడైతే బోర్డులో మిగతావన్నీ శుభ్రంగా ఉన్నా అది రాయితో సమానం. దాన్ని బతికించాలంటే బట్టల క్లిప్పులాంటి ఒక క్లిప్పుని ఆ ఎనిమిది కాళ్లకి పట్టించి, రెండో కొసని నా కంప్యూటర్‌కి కలిపి, లోపలున్నది ముందు చదివి దాచుకోవాలి. ఆ తర్వాత కంపెనీవాళ్ల సైట్‌లోంచి దించిన మంచి ఫైలు అందులో రాయాలి. నాకు ఒక పద్ధతి ఉంది. ఏ చిప్‌నైనా రెండుసార్లు చదువుతాను. రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే అయితేనే నమ్ముతాను.

బుధవారం పొద్దున చదివాను. మొదటిసారి ఒకటి వచ్చింది, రెండోసారి ఇంకోటి. మూడోసారి ఆ రెంటికీ సంబంధం లేనిది. క్లిప్పు తీసి, కాళ్లు తుడిచి, మళ్లీ పెట్టాను. నాలుగోది వచ్చింది. ఒకే చిప్ ఒకే పొద్దున నాలుగు మాటలు చెబుతుంటే దేన్ని నమ్మను? నాకు పిచ్చెక్కిపోతోంది. సరిగ్గా అప్పుడే బావ వచ్చి బల్ల పక్కన ఎత్తు స్టూలు మీద కూర్చున్నాడు.

వర్క్‌షాపులో పని లేదు కదా, ఎటూ తోచక వచ్చాడు. కాసేపు నా చేతుల వంక చూశాడు. "మరదలా, నిజంగానే సగంలో ఆపేశానంటావా?" అన్నాడు.

"మళ్లీ మొదలుపెట్టకు బావా."

"కాదు, అడుగుతున్నా. నాకేమో అయిపోయింది అని చూసినట్టే ఉంది. మీరిద్దరూ కాదంటున్నారు. మీ ఇద్దరికీ బుర్ర బాగానే ఉంది కదా. అందుకని అడుగుతున్నా."

నేను క్లిప్పు బల్ల మీద పడేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది కానీ, అప్పుడు ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. తప్పు ఒప్పేసుకుంటే మనసు కుదుటపడుతుంది కదా అని.

"కళ్లు మూసుకో బావా," అన్నాను. మూసుకున్నాడు. "గుర్తు తెచ్చుకో. నల్ల స్క్రీన్. తెల్ల అక్షరాలు. ఆపవద్దు అని. కింద నీలం గీత, మెల్లిగా నిండుతోంది. సగం నిండింది. నీకు పొద్దుపోయింది, ఇంటికెళ్లే తొందర. లేచావు. తలుపు పక్కన మెయిన్ మీదికి చెయ్యి పోయింది, రోజూ పోయినట్టే. కనిపిస్తోందా?"

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి. వీధిలో లారీ ఒకటి వెనక్కి వెళ్తూ పీక్ పీక్‌మంటోంది. అది ఆగింది.

"అయ్యుండొచ్చు," అన్నాడు.

"హమ్మయ్య," అన్నాను నేను. అవును, అదే అన్నాను.

ఆయన వెళ్లాక నాకు వెలిగింది. క్లిప్పు ఇచ్చే కాస్త కరెంటూ చిప్‌కి చాలకుండా బోర్డులోని మిగతా భాగాలు తాగేస్తున్నాయి, అందుకే ఇన్ని మాటలు. వేడిగాలి గన్నుతో చిప్‌ని పెకలించి విడిగా పెట్టి చదివాను. ఒకటి. రెండు. అచ్చం ఒకటే. అయిదుసార్లు చదివినా ఒకటే.

ఇక చూడాల్సింది తెగిన చోటు. సగంలో కరెంటు పోతే అక్కడిదాకా రాత ఉంటుంది, ఆ తర్వాత చెరిపేసిన ఖాళీ ఉంటుంది. ఇలా చచ్చినవి ఎన్నో చూశాను, తెగిన చోటు ఒక్క చూపులో కనిపెట్టేస్తాను. మొదట్నుంచి కిందికి జరుపుకుంటూ పోయాను. రాత ఉంది. ఇంకా ఉంది. ఖాళీ ఎక్కడా లేదు. చివరి వరస దాకా నిండుగా, పద్ధతిగా ఉంది.

ఇదేమిటి? సగంలో ఆగిన రాత పూర్తిగా ఎలా ఉంటుంది? పోనీ పైకి నిండుగా ఉండి లోపల చెత్త పడిందేమో అనుకుని, ఆ బోర్డుకి కంపెనీవాళ్లు ఇచ్చిన ఫైలు దించి పక్కపక్కన పెట్టి చూశాను. పోలికే లేదు. ఒక వరసా కలవలేదు. అంతా చెడిపోయిందా అంటే చెడిపోయిన రాతకి ఇంత ఒద్దిక ఉండదు. చెడిపోలేదా అంటే బోర్డు చచ్చింది, కళ్లెదురుగా ఉంది. టీ తెచ్చుకుని చల్లారబెట్టుకుని తాగాను. ఏమీ పాలుపోలేదు. సర్లే, ముందు బతికిద్దాం, తర్వాత చూసుకోవచ్చు అని కంపెనీ ఫైలే చిప్‌లో రాసి, బోర్డు మీద మళ్లీ అతికించాను. తర్వాత చూసుకోవచ్చు అన్నది నా పద్నాలుగేళ్ల అనుభవంలో నేను నేర్చుకున్న అన్నిటికంటే చెడ్డ అలవాటు.

గురువారం వర్క్‌షాపులో బిగించాను. బటన్ నొక్కితే లేచింది. అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. బావ మెషీన్ గది గడప బయటే నిలబడి చూస్తున్నాడు, లోపలికి అడుగు పెట్టలేదు. కానీ అడుగులు కోసే ప్రోగ్రామ్ తెరిస్తే అది మొరాయించింది. ఈ కంప్యూటర్ ఎవరిదో నాకు తెలియదు పొమ్మంది. అదేం వింత కాదు. అలాంటి ప్రోగ్రాములు చిప్‌లో ఉన్న సీరియల్ నంబరు చూసి తలుపు తీస్తాయి. కొత్త ఫైలు రాసినప్పుడు నేను ఆ నంబరు తుడిచేశాను. పాత రాతలోంచి నంబరు తీసి మళ్లీ పెడితే సరి. "రేపు పొద్దున్నకల్లా అయిపోతుంది," అన్నాను అక్కతో, డబ్బా చంకలో పెట్టుకుని.

"రేపు పదకొండింటికి డాక్టరు," అంది అక్క. "నువ్వు రానక్కర్లేదులే. పని చూసుకో."

బయటికి వస్తుంటే బావ వెనకాలే వచ్చాడు. "మరదలా, బాగైందా?"

"అయినట్టే."

"మంచిది," అన్నాడు. "నేను పాడుచేసింది నువ్వు బాగుచేశావు." ఆ మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. అది నాకప్పుడు బాగానే అనిపించింది.

శుక్రవారం పొద్దున కొట్టు తెరవగానే దాచుకున్న పాత రాతలో నంబరు వెతికాను. దొరికింది. ఎందుకైనా మంచిదని బోర్డు మీద అంటించిన కాగితంతో సరిచూశాను. కాగితం మీద వేరే నంబరు. మళ్లీ చూశాను. అద్దం పెట్టుకుని చూశాను. అది వేరు, ఇది వేరు. ఒక బోర్డుకి రెండు నంబర్లేమిటి? పోనీ బోర్డు మారిపోయిందా? అంటే ఈ బోర్డు అక్కవాళ్లది కాదా? నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. నేను బాగుచేసిన ప్రతి కంప్యూటర్ నంబరూ ఒక జాబితాలో ఎక్కించుకుంటాను. అందులో ఈ నంబరు కొట్టి వెతికాను.

ఒకటే వచ్చింది. నేను ఏ కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతున్నానో అది. నా సొంతది. నా బల్ల మీదిది.

అప్పుడు గుర్తొచ్చింది.

రెండేళ్ల క్రితం ఒక పిడుగుల రోజు అక్కవాళ్ల చిప్ పోయింది. మర్నాటికల్లా ఎవరికో బూట్లు ఇవ్వాలని అక్క నెత్తిన కూర్చుంది. ఇంటర్నెట్ కూడా లేదు ఆరోజు. నా బోర్డూ వాళ్ల బోర్డూ ఒకటే మోడల్. నా చిప్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్త చిప్‌లోకి కాపీ చేసి అతికించేశాను, నా నంబరుతో సహా. పది నిమిషాల పని. ఎలాగోలా పనిచేసింది. కోసే ప్రోగ్రామ్ అప్పట్లో నంబరు అడిగేది కాదు, తర్వాత ఎక్కించిన కొత్తది నా నంబరునే పట్టుకుంది. తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాను. చూసుకోలేదు. ఎక్కడా రాసుకోలేదు. శుభ్రంగా మర్చిపోయాను.

పేరు ఒకటే కానీ నాది ఆ బోర్డులో తర్వాత వచ్చిన రెండో రకం, వాళ్లది మొదటి రకం. ఆ తేడా పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అప్పటి పాత రాత రెండు రకాలకీ సరిపోయేది కాబట్టి ఏమీ తెలియలేదు. మొన్న సోమవారం అప్‌డేట్ వచ్చి నువ్వు ఏ రకం అని చిప్‌ని అడిగింది. చిప్ నా బోర్డు రకం చెప్పింది. రెండో రకానికి చేసిన కొత్త రాత తెచ్చి మొదటి రకం బోర్డులో పెట్టేసింది. రెండో రకం ఫైలు దించి, చచ్చిన చిప్‌లోని రాత పక్కన పెట్టాను. ఆ నంబరు ఉండే చిన్న చోటు తప్ప మొదట్నుంచి చివరిదాకా అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

పూర్తిగా ఎక్కింది. ఎక్కడా తెగలేదు. అప్‌డేట్ ఎలా నడుస్తుందో చూద్దామని నా దాని మీదే నడిపి చూశాను. స్క్రీన్ నల్లగా లేదు, తెల్లటిది. గీతే లేదు, అంకెలు పెరుగుతాయంతే. నూరు వచ్చాక, అయిపోయింది అని వచ్చింది. దానంతట అదే ఆరిపోయింది.

మా బావ మంగళవారం చెప్పింది అక్షరాలా ఇదే. మాటకి మాట. ఆయన ముందు నిలబడి నేను లేదన్నాను. నువ్వేం చూశావో నీకు తెలియదన్నాను. టైము చూస్తే పది నలభై. కొట్టు తాళం వేశానో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తాను.

డాక్టరు గది బయట వరసగా కుర్చీలు, గోడకి ఒక గడియారం. గడియారం కింద బావ కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ఎదురు వరసలో వాళ్ల కాళ్లు చూస్తున్నాడు. పక్కన అక్క, ఒళ్లో నోట్‌బుక్. నన్ను చూసి లేచింది. "ఏమైందే? అలా రొప్పుతున్నావేం?"

నిలబడే చెప్పేశాను. పిడుగూ, చిప్పూ, రెండు రకాలూ, నంబరూ. అక్కకి సగం అర్థమై ఉండదు. ఆఖరి ముక్క అర్థమైంది. "బావ చెప్పిందే నిజం అక్కా. అయిపోయాకే ఆపాడు. బోర్డుని చంపింది నేను. రెండేళ్ల క్రితమే చంపి పెట్టాను."

అక్క కోపం వస్తే అరిచే మనిషి కాదు, గొంతు తగ్గిస్తుంది. "నీ మాట పట్టుకుని తాళంచెవి లాక్కున్నానే నేను," అంది మెల్లిగా. "మొన్నట్నుంచి ఆ గదిలో అడుగు పెట్టలేదు మనిషి. ఇంట్లో కూడా ఏ స్విచ్చూ వేయడం లేదు. ఫ్యాన్ వేయాలన్నా నన్ను పిలుస్తున్నాడు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. బావ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను, చిన్నపిల్లలాగా. "బావా, నన్ను తిట్టు. నువ్వే కరెక్ట్. అయిపోయింది అని వచ్చింది, అదే ఆరిపోయింది, అప్పుడు ఆపావు. నువ్వు అన్నది అన్నట్టే జరిగింది."

బావ నవ్వాడు. నా తల మీద చెయ్యి వేశాడు. "లేదులేమ్మా," అన్నాడు. "సగంలోనే ఆపాను. నాకు బాగా గుర్తుంది."

"ఏం గుర్తుంది?"

"నల్ల స్క్రీన్. తెల్ల అక్షరాలు. కింద నీలం గీత, సగం దాకా వచ్చింది. ఆపవద్దు అని ఉంది, చదివాను కూడా. అయినా ఏంటో, చెయ్యి పోయింది."

"ఆ గీత లేదు బావా! అసలు గీతే ఉండదు. పొద్దున చూసొచ్చాను. నీలం అని నేను చెప్పాను నీకు. బుధవారం, నా కొట్లో, కళ్లు మూసుకోమని. అవి నా మాటలు."

ఆయన నా ముఖంలోకి జాలిగా చూశాడు. "నువ్వు అక్కడ లేవుగా మరదలా. చూసింది నేను కదా."

ఇంక నేనేం చెప్పను? ఫైళ్లు చూపించనా? ఆ అక్షరాలు ఆయనకేం తెలుస్తాయి? అయినా ఆ నీలం గీత ఆయనకి కనిపిస్తోంది, నిజంగానే, నాకు ఈ గోడ కనిపిస్తున్నట్టు. అసలు సోమవారం ఆయన చూసింది ఇప్పుడు ఆయన దగ్గర లేదు. అక్క పెన్ను తీసి నోట్‌బుక్ తెరిచి, ఆ అయిదు వరసల మీద అడ్డంగా గీత పెట్టబోయి ఆగిపోయింది. "కొట్టేయనా?" అని నన్నడిగింది. "కొట్టేస్తే మరి ఇప్పుడు అన్నది ఎక్కడ రాయను? ఏమని రాయను?" లోపలికి రమ్మని నర్సు పిలిచింది.

ముగ్గురం వెళ్లాం. డాక్టరు పెద్దావిడ, కళ్లజోడు మెడలో వేలాడుతోంది. నోట్‌బుక్ ఒక్కో పేజీ తిప్పుతూ వచ్చి ఆఖరిదాని దగ్గర ఆగారు. "ఇది పెద్దదే రాశారే. దీని సంగతేంటి?" అన్నారు.

"అది ఆయన మర్చిపోయింది కాదండీ," అన్నాను. "నేను మర్చిపోయింది. ఆయనకి సరిగ్గానే గుర్తుండింది, బుధవారం దాకా. నేనే కాదని చెప్పి చెప్పి..."

డాక్టరు బావ వైపు తిరిగారు. బావ ముందుకి వంగి, ఎవరో వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించాడు.

"మా మరదలండీ. చిన్నప్పట్నుంచీ నేనంటే ప్రాణం. నన్ను ఇంట్లో కూర్చోబెడతారేమోనని తన మీద వేసుకుంటోంది. తను చెప్పింది మాత్రం రాసుకోకండి."

డాక్టరు తలూపి కళ్లజోడు పెట్టుకున్నారు. ఏదో రాసుకున్నారు. ఏది రాసుకున్నారో నా కుర్చీలోంచి కనిపించలేదు.